తుది తీర్పుకు లోబడి

శాలిబండ, హైదరాబాద్
2025 సెప్టెంబర్

భారత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి గారికి,



పాతబస్తీ జూనియర్ కాలేజీల్లో ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పటికీ కౌన్సెలింగ్ రోజులొస్తే మా గల్లీ పిల్లలు, వాళ్ల చెల్లెళ్లు, ఆ చెల్లెళ్ల స్నేహితురాళ్లు కాగితాల కవర్లు పట్టుకొని మా ఇంటి మెట్లెక్కుతారు. ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలి, ఏ సర్టిఫికెట్ మీద ఏ తేదీ ఉండాలి, చూసి చెప్పమంటారు. 2023లో అట్లా వచ్చినవాళ్లలో ఒక అమ్మాయి ఉంది. తండ్రి హుసేనీ ఆలం దగ్గర చిన్న డబ్బాలో క్షౌరం చేస్తాడు. కులం సర్టిఫికెట్ మీద నాయీ ముస్లిం, బీసీ-ఇ అని ఉంది. నీట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. నేను కాగితాలు సరిచూస్తుంటే తను ఫోన్లో రాష్ట్ర బీసీ జాబితా చదువుతూ కూర్చుంది. ఎ, బి, సి, డి గ్రూపులు దాటి ఇ దగ్గర ఆగింది. మిగతా నాలుగింటి పక్కన లేని మాట ఒకటి అక్కడ ఉంది. సుప్రీంకోర్టులో ఉన్న 2010 నాటి 2628-2637 నంబర్ల సివిల్ అప్పీళ్ల తుది తీర్పుకు లోబడి అని.

"లోబడి అంటే ఏంది మేడమ్? సీటిచ్చి మళ్ల గుంజుకుంటరా?" అని అడిగింది.

అట్లాంటిదేం కాదులే, నువ్వు ఆప్షన్లు పెట్టు అన్నాను. పిల్ల భయపడకూడదని అన్నాను గానీ తెలిసి అన్న మాట కాదది. జవాబు మీ న్యాయస్థానం దగ్గర ఉంది. పదిహేనేళ్లుగా అక్కడే ఉంది.

ఈ కేసు చరిత్ర మీకు చెప్పేంతదాన్ని కాను. కానీ ఈ ఉత్తరాన్ని మీతోపాటు చదివేవాళ్లలో చాలామందికి అది సభల్లో విన్నంత వరకే తెలుసు. కాబట్టి చెబుతాను. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలందరికీ కలిపి 5 శాతం ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. హైకోర్టు అదే ఏడాది కొట్టేసింది. 2005లో చట్టం చేశారు. దాన్నీ కొట్టేసింది. ఆ రెండు తీర్పులూ సబబేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మా పాతబస్తీలో దేవిడీలు కట్టుకున్న జాగీర్దారుల వారసులున్నారు. ఆ దేవిడీల గోడల వారన రిక్షా నిలుపుకొని పడుకున్నవాళ్లున్నారు. ఇద్దరూ ఒకే మసీదులో ఒకే వరసలో నిలబడొచ్చు. అంతమాత్రాన ఇద్దరి పిల్లలకూ ఒకే అడ్డంకి ఉన్నట్టు కాదు.

తర్వాత ప్రభుత్వం పి.ఎస్. కృష్ణన్ గారిని సలహా అడిగింది. వెనుకబడిన వర్గాల విషయంలో జీవితమంతా పనిచేసిన ఐఏఎస్ అధికారి ఆయన. ఆయన నివేదిక, బీసీ కమిషన్ సిఫారసు చూసుకొని 2007లో కొత్త చట్టం వచ్చింది. అందులో 14 వర్గాలను పేరు పెట్టి చేర్చారు. కోటా 4 శాతం. సయ్యద్‌లు, మొఘల్‌లు, పఠాన్లు, ఇరానీలు, అరబ్బులు, బోహ్రాలు, ఖోజాలు, కచ్ఛీ మేమన్లు అందులో లేరు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అయిదుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా చీలి ఆ చట్టాన్నీ కొట్టేసింది. ఆ హైకోర్టు మా ఇంటి నుంచి చార్మినార్, మదీనా మీదుగా నడిచిపోయే దూరం. అదే ఏడాది మార్చి 25న మీ న్యాయస్థానం ఆ వర్గాలకు 4 శాతం కొనసాగించవచ్చని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, అసలు ప్రశ్నను రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. మధ్యంతరం అన్న మాటకు మా దగ్గర పదిహేనేళ్లు నిండాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు పదో తరగతికి వచ్చారు.

ఆ 14 వర్గాల జాబితాను ఒకసారి తెలుగులో చదివించుకొని వినమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే అవి నోరు తిరగని పేర్లు. తెలుగు తెలిసినవాళ్లకు మాత్రం ఊరి బజారులో నడిచినట్టుంటుంది. తురక చాకలి. అత్తరు సాయిబులు. గారడీ సాయిబులు, పాములవాళ్లు. ఎలుగును ఆడించి బతికిన గుడ్డి ఎలుగువాళ్లు. గంట మోగించుకుంటూ గడప గడపకూ తిరిగిన ఘంటా ఫకీర్లు. హజాం, నాయీ. మాంసం కొట్టే కురేషీ, ఖసాబ్. రోళ్లకూ తిరగళ్లకూ కక్కు కొట్టేవాళ్లు. ఈ చివరి పని మీరు చూసి ఉండకపోవచ్చు. రుబ్బీ రుబ్బీ రోలు నున్నబడిపోతే పప్పు నలగదు. అప్పుడు ఉలి పట్టుకొని వచ్చి దాని మీద గాట్లు పెట్టిపోయేవాడు ఒక సాయిబు. నా చిన్నప్పుడు మా గల్లీలో "కక్కు కొడతాం" అన్న కేక వినబడితే అమ్మ నన్ను పరుగెత్తించేది. ఇళ్లలోకి మిక్సీలు వచ్చాయి. ఆ కేక ఆగిపోయింది. ఆ మనిషి పిల్లలు ఏమయ్యారని మా వీధిలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. 2007 జాబితాలో ఆ పేరు చదివిన రోజు నాకు చాలాసేపు ఏ పనీ తోచలేదు.

ఈ పేర్లలో ఒక్కటైనా నమాజు గురించి చెబుతుందా? చేతులు చేసే పని గురించి చెబుతాయవి.

నా సంగతి కూడా చెప్పాలి. చెప్పకుండా ఈ మాటలు మాట్లాడితే న్యాయం కాదు. మాది పద్మశాలి కుటుంబం. మా తాత మగ్గం నేశాడు. మా నాన్న మగ్గం మీద కూడు పుట్టక పత్తర్‌గట్టీలో బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాడు. అనంతరామన్ కమిషన్ నివేదిక మీద 1970 సెప్టెంబర్‌లో రాష్ట్రంలో బీసీల జాబితా వచ్చింది. ఎ, బి, సి, డి అని నాలుగు గ్రూపులు, మొత్తం 25 శాతం. మాది బి. ఆ జాబితా కూడా కోర్టుకెక్కింది. హైకోర్టు కొట్టేసింది. 1972 జనవరిలో, బలరామ్ కేసులో, మీ న్యాయస్థానం దాన్ని నిలబెట్టింది. ఆ ఏడాదే మా అన్నయ్యకు ఇంజనీరింగ్ సీటొచ్చింది. అన్నయ్య ఉద్యోగంలో చేరాక మొదటి జీతంలోంచి నా డిగ్రీ ఫీజు కట్టాడు. నేను చదువు చెప్పుకొని బతికిన బతుకంతా ఆ తీర్పు మీద నిలబడింది. మా జాబితా గురించి కోర్టులు తేల్చడానికి రెండేళ్లు కూడా పట్టలేదు.

అదే బి గ్రూపులో మా పేరుతోపాటు ఇంకో పేరుంది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా. వాళ్లూ ముస్లింలే. పత్తి మా మగ్గం దాకా రావాలంటే ముందు వాళ్లు దాన్ని విల్లుతో ఏకాలి. ఏకినవాణ్ణీ నేసినవాణ్ణీ అనంతరామన్ గారు పక్కపక్కన కూర్చోబెట్టారు. 1970 నుంచి ఇప్పటిదాకా నూర్‌బాషా పిల్లలు ఆ గ్రూపులో సీట్లు తెచ్చుకుంటూనే ఉన్నారు. అది మతం కోటా అని నేనెప్పుడూ వినలేదు.

హైకోర్టు మెజారిటీ తీర్పులో ఒక ముఖ్యమైన అభ్యంతరం ఉంది. కేవలం ముస్లింలలోనే వెతికి జాబితా తయారుచేశారు గనుక ఇది మతాన్ని బట్టి చేసిన చట్టమే అన్నారు. ఈ మాటకు జవాబు మూసీ ఒడ్డున ధోబీ ఘాట్లలో ఉంది. హిందువుల్లో చాకలి కులం ఎ గ్రూపులో ఉంది. 1970 నాటి లెక్క అది. మంగలి కూడా ఎ గ్రూపే. పక్క బండ మీద అవే బట్టలు ఉతికిన తురక చాకలి ఏ గ్రూపులోనూ లేడు. అతని పేరు జాబితాకెక్కడానికి ఇంకో ముప్పై ఏడేళ్లు పట్టింది. ముప్పై ఏడేళ్ల కిందట వదిలేసినవాళ్లను వెతకాలంటే వాళ్లున్న చోటే కదా వెతుకుతాం. హిందూ చాకలిని మళ్లీ వెతకాల్సిన పని లేదు, అతను అప్పటికే జాబితాలో ఉన్నాడు. ఇంత చిన్న సంగతిని ఏడుగురు న్యాయమూర్తుల ముందు మా తరఫువాళ్లు సరిగా నిలబెట్టలేకపోయారని నా బాధ.

హైకోర్టు ఎత్తి చూపినవాటిలో నిజమైనవీ ఉన్నాయి. కమిషన్ చేసిన సర్వే చాలదన్నది. అది ఒప్పుకోవాల్సిన మాటే. జాబితాలో షేక్ అన్న పేరు ఉంది. అది ఒక పనికి పెట్టిన పేరు కాదు. తరతరాల కింద ఇస్లాంలో చేరిన రకరకాల కులాలవాళ్లు పెట్టుకున్న పేరు. ఆ పేరు కింద కూలీ ఉన్నాడు, కాంట్రాక్టరూ ఉన్నాడు. నా దగ్గరికి కారులో వచ్చి దిగిన షేక్ పిల్లలున్నారు. వాళ్లకు ఈ కోటా అక్కర్లేదని నేను వాళ్ల మొహం మీదే చెప్పాను. అయితే ఇప్పుడు లెక్కలు లేవనడానికి లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇంటింటి కుల సర్వే చేసింది. రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతమని, బీసీ ముస్లింలే జనాభాలో 10.08 శాతమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ పత్రాలు తెప్పించుకోండి. ఎవరు ఎక్కడున్నారో చూడండి. పైకి వచ్చినవాళ్లను తీసేయమనండి. ముల్లు దిగినచోట తీయండి. కాలు తీసేయమని మాత్రం ఎవరూ అడగకూడదు.

ఈ గొడవలో అవతలి పక్షం కూడా మా ఇంటి మెట్లెక్కింది. 2018లో లాల్ దర్వాజా నుంచి వచ్చిన ఒక అబ్బాయి, గుడిలో అర్చకుడి కొడుకు, మా ముందు గదిలో కూర్చొని ఏడ్చాడు. తనకన్నా వెనక ర్యాంకువాళ్లకు గవర్నమెంట్ మెడికల్ కాలేజీలో సీటొచ్చింది, తనకు రాలేదు. వాళ్ల నాన్న పళ్లెంలో పడే చిల్లర మీద బతికే ఇల్లు అది. నువ్వు అగ్రకులం కదా, ఓర్చుకో అని నేను ఎట్లా చెప్తాను? ఆ ఏడుపుకు నా దగ్గర మాట లేకపోయింది. 2019లో ఆర్థికంగా వెనుకబడినవాళ్లకు 10 శాతం కోటా ఇస్తూ రాజ్యాంగ సవరణ వచ్చింది. దాన్నీ సవాలు చేశారు. 2022లో మీ దగ్గర అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ కేసునూ మా 4 శాతం కేసునూ చేతిలోకి తీసుకుందని విని ఎంత సంతోషించానో చెప్పలేను. ముందు ఆ కేసు విన్నారు. నవంబర్ 7న తీర్పు చెప్పారు, సవరణ చెల్లుతుందన్నారు. ఆ అబ్బాయి తమ్ముడు ఇప్పుడు ఆ కోటాలో దరఖాస్తు పెడతాడు. అతని కాగితాల మీద 'లోబడి' అన్న మాట లేదు. అందుకు నాకు సంతోషమే. నాలుగేళ్లలోపు తేలింది. రెండో ఫైలు మళ్లీ అలమారలోకి పోయింది.

మైనారిటీ కాలేజీలున్నాయి కదా, వాటిలో చదువుకోవచ్చు కదా అని కొందరంటారు. ఉన్నాయి. కాంచన్‌బాగ్‌లోనే ఒక మెడికల్ కాలేజీ ఉంది. కన్వీనర్ కోటా దాటితే ఆ సీట్ల ఫీజు క్షౌరం డబ్బా నడిపేవాడికి అందేది కాదు. ఈ సంగతి అన్నవాళ్లకూ తెలుసు.

అమెరికా సంగతి కూడా చెప్పాలి. మా వాళ్ల ఇళ్లలో సగం మంది పిల్లలు అక్కడే ఉన్నారు. అక్కడి సుప్రీంకోర్టు 2023 జూన్ 29న, హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదని చెప్పింది. ఆసియా నుంచి వెళ్లినవాళ్ల పిల్లలకు అన్యాయం జరుగుతోందన్నది ఆ వాదనలో ఒక భాగం. కాబట్టి మన తెలుగు కుటుంబాలు కూడా అందులో ఒక పక్షమే. ఆ రాత్రి అన్నయ్య న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి, మనవడు వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టాలి, ఇక మార్కులే లెక్క అన్నాడు. గొంతులో సంబరం ఉంది. అన్నయ్యా, 1972 గుర్తుందా అన్నాను. ఆ తర్వాత కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. మరుసటి ఏడాది మసాచుసెట్స్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ తన కొత్త బ్యాచ్ లెక్కలు బయటపెట్టింది. అంతకుముందు సగటున 13 శాతం దాకా ఉన్న నల్లజాతి విద్యార్థులు 5 శాతానికి పడిపోయారు. ఆ అంకె అన్నయ్యకు పంపాను. చదివినట్టు నీలి గుర్తులు పడ్డాయి, జవాబు రాలేదు. తర్వాత దసరాకు ఇంటికొచ్చినప్పుడు తనే ఎత్తాడు. మనం ఎక్కిన నిచ్చెన గురించి పిల్లలకు చెప్పనేలేదు అన్నాడు.

అక్కడి తీర్పు నాకు నచ్చలేదు. అయినా ఒక మాట ఒప్పుకుంటాను. ఆ దావా 2014లో వేశారు, 2023లో తేల్చారు. మంచో చెడో, పదిహేడేళ్ల పిల్లకు తను ఎక్కడ నిలబడి ఉందో తెలిసింది.

ఆ నల్లజాతి పిల్లల మాట వచ్చినప్పుడు నాకు మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ గుర్తొస్తుంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికన్ సైనికుల వారసులు, సిద్దీలు, ఆ బస్తీలో ఉన్నారు. సైన్యం రద్దయింది, జీతాలు పోయాయి, పేరు మిగిలింది. 2007 జాబితాలో వాళ్లున్నారు. సిద్ది, యాబా, హబ్షి, జాసి అని. అదే నిజాం అరబ్బు సైనికులనూ తెచ్చుకున్నాడు, వాళ్ల వారసులు మా బార్కస్‌లో ఉన్నారు. ఇద్దరూ ముస్లింలే, ఇద్దరూ నిజాం సిపాయిల సంతతే. చట్టం అరబ్బులను బయటే ఉంచింది, సిద్దీలను చేర్చుకుంది. ఇది మతం చూసి గీసిన గీత అయితే బార్కస్, ఏసీ గార్డ్స్ మధ్య ఎట్లా గీయగలిగారు? ఈ ఒక్క ప్రశ్న మీ ధర్మాసనం ముందు ఎవరో ఒకరు అడగాలని నా కోరిక.

మీరు తేల్చనంత కాలం ఈ విషయాన్ని సభావేదికలు తేలుస్తున్నాయి. 2014 ఎన్నికల్లో 12 శాతం ఇస్తామని ఒకరు వాగ్దానం చేశారు. 2017 ఏప్రిల్‌లో బిల్లు కూడా పాసయింది, అది చట్టం కాలేదు. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో కేంద్ర హోంమంత్రి, మేం వస్తే ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామన్నారు. ఒకరు పెంచుతామంటారు, ఒకరు తీసేస్తామంటారు, మధ్యలో సర్టిఫికెట్ పట్టుకున్న పిల్ల తన పేరు ప్రతి మైకులోనూ వింటుంది. 2024 మేలో కలకత్తా హైకోర్టు 2010 తర్వాత ఇచ్చిన ఓబీసీ సర్టిఫికెట్లను పెద్ద ఎత్తున రద్దు చేసిన రోజు మా ఇంటికి నలుగురు తల్లులు వచ్చారు. మనకూ ఇట్లాగే అవుతుందా టీచరమ్మా అని అడిగారు. అప్పటికే సీట్లు, ఉద్యోగాలు పొందినవాళ్ల జోలికి ఆ తీర్పు పోలేదని చదివి వినిపించాను. ఒకావిడ నమ్మలేదు. బెంగాల్‌లో పోలేదు, ఇక్కడ పోరని ఎవరు రాసిచ్చారు అంది.

అయ్యా, తీర్పు ఎట్లా ఉండాలో చెప్పే అధికారం నాకు లేదు. 4 శాతం నిలబడాలని నా కోరిక. అది దాచుకోను. జాబితాను సవరించమని మీరు చెబితే సంతోషంగా ఒప్పుకుంటాను. కొట్టేస్తే బాధపడతాను, అయినా మరుసటి రోజు పొద్దున్నే ఆ తల్లులను కూర్చోబెట్టుకొని, ఇక ఇది లేదు, వేరే దారి వెతుకుదాం అని చెప్పగలను. ఇప్పుడు ఆ మాట కూడా చెప్పలేకపోతున్నాను.

మొదట చెప్పిన అమ్మాయి ఇప్పుడు ఎంబీబీఎస్ మూడో సంవత్సరం. పోయిన ఆదివారం వచ్చింది. మెడలో స్టెతస్కోపు వేసుకొని వాళ్ల నాన్న డబ్బా ముందు దిగిన ఫోటో చూపించింది. నాన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు, చేతిలో దువ్వెన అట్లాగే ఉంది. వెళ్లబోతూ గడప దగ్గర ఆగి, పీజీ నోటిఫికేషన్‌లో కూడా ఆ మాట ఉంటదా మేడమ్ అంది.

ప్రధాన న్యాయమూర్తి గారికి రాస్తున్నా, తేదీ వేయమని అడుగుతున్నా అని చెప్పాను. నంబర్లు మళ్లీ రాస్తున్నాను: సివిల్ అప్పీళ్లు 2628 నుంచి 2637 వరకు, 2010వ సంవత్సరం. దయచేసి విచారణకు తేదీ వేయించండి.

ఇట్లు,
శాలిబండ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్